కాజీపేట నుంచి త్వేర్ దాకా: బయల్దేరే ముందు రోజులు

బుధవారం, హనుమకొండ

చెన్నైకి పంపిన పాస్‌పోర్టు ఇవాళ పొద్దున వీసాతో తిరిగొచ్చింది. వీసా కాగితం మీద నా పేరు రెండు లిపుల్లో ఉంది, పైన రష్యన్, కింద ఇంగ్లిష్. బాపు కళ్లద్దాలు తుడుచుకుని పై లైను మీద వేలు పెట్టి, "ఇది నీ పేరేనా బిడ్డా?" అన్నాడు. ఒక్కో అక్షరం చూపిస్తూ చదివి వినిపించాను. అమ్మ ఆ పాస్‌పోర్టును తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టి దీపం ముట్టించింది.

నేను వెళ్తున్నది త్వేర్‌కి. మాస్కోకి వాయవ్యంగా సుమారు 170 కిలోమీటర్ల దూరంలో, వోల్గా నది ఒడ్డున ఉన్న ఊరు. 1931 నుంచి 1990 దాకా దాని పేరు కలీనిన్, పాత మ్యాపుల్లో వెతికితే ఆ పేరే దొరుకుతుంది. మొదటి ఏడాదంతా భాష ఒక్కటే చదవాలి. విదేశీ విద్యార్థులకు రష్యన్ నేర్పే ఆ విభాగాన్ని అక్కడ అందరూ పోద్‌ఫాక్ అంటారు. అది గట్టెక్కితే రష్యన్ భాషా సాహిత్యాల్లో ఎం.ఏ. నాకు సీటు వచ్చింది రష్యా ప్రభుత్వ కోటాలో. చదువుకు ఫీజు లేదు, హాస్టల్లో చోటిస్తారు. స్టైపెండ్ మాత్రం చాలా చిన్నది, విమానం టికెట్టు మనమే కొనుక్కోవాలి.

ఈ సంగతి చెప్పిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న. "రష్యా అంటే మెడిసినే గదా?" కాదండీ, భాష చదవడానికి అంటే ఒక్క క్షణం ఆగి, "భాష చదివి ఏం చేస్తవు?" అంటారు. వాళ్లను తప్పుపట్టను. కరీంనగర్, వరంగల్ వైపు నుంచి ఇన్నేళ్లుగా రష్యా వెళ్లిన పిల్లల్లో చాలామంది డాక్టర్ చదువుకే వెళ్లారు. మా వీధిలోనే ఇద్దరున్నారు. మొదట్లో నేను వెళ్లి అడిగిన ఒక కన్సల్టెన్సీలో అయితే భాష కోర్సు గురించి ఒక్క ముక్క చెప్పకుండా మెడికల్ కాలేజీల బ్రోచర్లే చేతిలో పెట్టారు. చివరికి దరఖాస్తు నేనే ఆన్‌లైన్‌లో నింపుకున్నాను.

అమ్మ భయం వేరు. ఉద్యోగాలిస్తామని చెప్పి తీసుకెళ్లి మనవాళ్లను రష్యా సైన్యంలో చేర్చారన్న వార్తలు 2024లో వరసగా వచ్చాయి. హైదరాబాద్ యువకుడు ఒకరు అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వార్తలు అమ్మకు తేదీలతో సహా గుర్తున్నాయి. ఆమెను కూర్చోబెట్టి ఇన్విటేషన్ కాగితం మొత్తం చదివి చెప్పాను: పిలిచింది ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లకు. ఆ యువకుల చేత సంతకాలు పెట్టించిన కాంట్రాక్టులు వాళ్లకు రాని రష్యన్‌లో ఉన్నాయని పేపర్లలోనే రాశారు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టనని అమ్మకు మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడానికైనా ఈ భాష నాకు బాగా రావాలి.

గురువారం, హనుమకొండ, వరంగల్

పొద్దంతా తిరుగుడే. ముందు డాలర్లు. 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ కంపెనీలు రష్యాలో పని ఆపేశాయి కాబట్టి మన బ్యాంకు కార్డు అక్కడ ఏటీఎంలోనూ నడవదు, షాపులోనూ నడవదు. డాలర్లు నోట్లుగానే పట్టుకెళ్లి, అక్కడ రూబుళ్లలోకి మార్చుకుని, తర్వాత అక్కడి బ్యాంకులో ఖాతా తెరిచి వాళ్ల మీర్ కార్డు తీసుకోవాలి. మడతపడ్డ నోటు, గీత ఉన్న నోటు తీసుకోరని త్వేర్‌లో చదువుతున్న సీనియర్ అక్క ముందే చెప్పింది. నోట్లన్నీ వెలుతురులో పెట్టి ఒకటికి రెండుసార్లు చూసి తీసుకున్నాను. నడుముకు కట్టుకోవడానికి అమ్మ గుడ్డసంచి కుట్టింది.

కాగితాల సంచి ఇంకోటి. మూడు నెలలకు మించి ఉండేవాళ్లకు హెచ్ఐవీ పరీక్ష సర్టిఫికెట్ కావాలి. డిగ్రీ సర్టిఫికెట్ల మీద అవి విదేశాల్లో చెల్లడానికి వేసే అపోస్టిల్ ముద్ర, పాస్‌పోర్టుకు రష్యన్ అనువాదం. ఆ అనువాదంలో పుట్టిన ఊరు దగ్గర ఖన్మకొండ అని ఉంది. వాళ్ల అక్షరాల్లో మన హ లేదు, దానికి దగ్గరగా ఖ వేస్తారు. ఇక అక్కడ ఉన్నన్నాళ్లూ నేను ఖన్మకొండ అమ్మాయినే.

చలికోటు ఇక్కడ కొనొద్దని అక్క గట్టిగా చెప్పింది. మన దగ్గర దొరికే కోట్లు అక్కడి జనవరికి ఆనవు, అక్కడే కొనుక్కోవాలి. లోపల వేసుకునే థర్మల్స్, ఉన్ని సాక్సులు మాత్రం తీసుకున్నాను. గదుల్లో చలి గురించి భయం లేదట. శరత్కాలంలో వరసగా అయిదు రోజులు సగటున 8 డిగ్రీల కంటే తక్కువ నమోదైతే ఊరంతటికీ వేడినీళ్ల గొట్టాలు తిప్పేస్తారు, ఇక వసంతం దాకా ఇల్లు వెచ్చగానే ఉంటుంది.

మధ్యాహ్నం కొత్తవాడ వెళ్లాం. అక్కడ మాకు పాఠం చెప్పబోయే టీచర్‌కి ఇవ్వడానికి చిన్న జంపఖానా ఒకటి కావాలనుకున్నాను. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ కొత్తవాడలో మగ్గాల చప్పుడు మా చిన్నప్పటంత లేదు. మేం వెళ్లిన ఇంట్లో పెద్దాయన గుంటమగ్గం మీద కూర్చుని రంగు మారే ప్రతిచోటా పోగును వేళ్లతోనే పట్టి తిప్పి పక్క పోగుకు లంకె వేస్తున్నాడు. ఎర్రపట్టీ అంచు దగ్గర ఆ లంకెలు వెనక నుంచి చూసినా ముందు నుంచి చూసినా ఒకేలా ఉన్నాయి. "రెండు దిక్కులా పరుసుకోవచ్చు" అన్నాడు. రష్యాకు పోతుందని చెబితే బేరం ఆడనివ్వకుండా తనే తగ్గించాడు. ఒద్దన్నా వినలేదు.

సాయంత్రం అవ్వను తీసుకుని వెయ్యి స్తంభాల గుడికి పోయాను. బతుకమ్మ పండుగ అయి ఎన్నో రోజులు కాలేదు, ఆవరణలో ఆ సందడి ఇంకా పూర్తిగా పోలేదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే చోట ఆలయాలు. ఊడదీసి మళ్లీ నిలబెట్టిన కల్యాణ మండపాన్ని 2024 శివరాత్రి నాడు తెరిచారు. నేను వెళ్లింది నంది కోసం. నల్లరాయి, అద్దంలా మెరిసే నునుపు, మెడలో చెక్కిన గంటల పట్టెడ. ఈ నందిని చూసినప్పుడల్లా నాకు త్వేర్ గుర్తొస్తుంది. దానికి కారణం ఉంది.

అఫనాసీ నికితిన్ అని త్వేర్ వర్తకుడు ఒకడు 1470 ప్రాంతంలో మన దక్కన్‌లో తిరిగాడు. బయల్దేరింది ఇండియాకని కాదు. వోల్గా మీద సరుకు వేసుకుని కాస్పియన్ వైపు పోతుంటే ఆస్త్రఖాన్ దగ్గర దోచుకున్నారు. ఉత్త చేతులతో, అప్పులతో ఇంటికి ముఖం చూపించలేక ముందుకే నడిచాడు. బాకూ, పర్షియా, హోర్ముజ్, అక్కడి నుంచి సముద్రం దాటి కొంకణ తీరంలోని చౌల్. అమ్ముకోవడానికి ఒక గుర్రాన్ని వెంట తెచ్చుకుంటే జున్నర్‌లో ఖాన్ దాన్ని లాక్కుని, మతం మారితేనే ఇస్తానన్నాడు. ఖొరాసాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అడ్డుపడి గుర్రాన్ని ఇప్పించాడు. అక్కడి నుంచి బహమనీల రాజధాని బీదర్ చేరాడు. బీదర్‌లో పరిచయమైన హిందువులతో కలిసి శివరాత్రికి పర్వత్ అనే క్షేత్రానికి వెళ్లాడు. అది మన శ్రీశైలమేనని చాలామంది పండితులు అంటారు. గుడి విస్తీర్ణం త్వేర్ ఊళ్లో సగం ఉంటుందని రాశాడు. దేవుడి ముందు నల్లరాతితో చెక్కిన పెద్ద ఎద్దు, దానికి బంగారు పూత, జనం దాని గిట్టను ముద్దుపెట్టుకుని పూలు చల్లుతారని రాశాడు.

ఇది మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అయిదు వందల యాభై ఏళ్ల కింద ఒక త్వేర్ మనిషి తన భాషలో మన నంది గురించి రాసుకున్నాడు. దాన్ని ఇప్పటిదాకా నేను చదివింది ఇంగ్లిష్‌లోనే. పైగా ఆయన భాష కూడా ఒక్కటి కాదు. ప్రార్థనలు, మనసులో గుబులు రాసేటప్పుడు రష్యన్ వదిలేసి తుర్కీ, పారసీ, అరబ్బీ కలిసిన దారి భాషలోకి వెళ్లిపోతాడు. పండుగల లెక్క చెప్పే పుస్తకాలు దోపిడీలో పోయాయి, ఈస్టర్ ఎప్పుడో తెలియడం లేదని బాధపడతాడు. ఆ చోట్లు అసలు మాటల్లో చదవాలని ఉంది.

అవ్వ గుడి మెట్ల మీద కూర్చుని అంతా విని, "మల్ల ఆయన ఇంటికి పోయిండా?" అని అడిగింది.

"లేదవ్వా. ఊరు చేరకముందే స్మోలెన్స్క్ దగ్గర చనిపోయిండు. రాసుకున్న కాగితాలు మాత్రం 1475లో మాస్కోకు చేరినయ్."

"అట్లయితే మన ముచ్చట ఆ ఊరోళ్లకు నోటితోని చెప్పెటోడు లేకపాయె. నువ్వు చెప్పు."

త్వేర్‌లో వోల్గా ఒడ్డున 1955లో పెట్టిన నికితిన్ విగ్రహం ఉంది, పడవ ముక్కు మీద గుర్రం తల చెక్కి ఉంటుంది. చేరాక నేను మొదట వెళ్లే చోటు అదే.

శుక్రవారం, హనుమకొండ

సర్దుడు. మామిడికాయ తొక్కు, పల్లిపొడి, కారంపొడి, అవ్వ చేసిన సకినాలు. సర్వపిండి దారిలో తినడానికి. అమ్మ బియ్యం కూడా కట్టింది, అక్కడ దొరుకుతాయని నచ్చజెప్పి తీయించాను. తూకం వేసి తీసి, మళ్లీ వేసి తీసి, రాత్రికి సూట్‌కేసు మూతపడింది. చుట్టాలు వచ్చి పోతూనే ఉన్నారు. చిన్నమ్మ వెయ్యి రూపాయలు చేతిలో పెట్టి పైలం అని ఏడ్చింది.

శనివారం, హనుమకొండ

పొద్దున హైదరాబాద్ నుంచి మేడం ఫోన్‌లో ఆఖరి పాఠం చెప్పారు. ఆమె 1980ల్లో మాస్కోలో చదువుకున్నారు. నాకు మొదటి అక్షరం నేర్పింది ఆమే. రష్యన్‌లో 33 అక్షరాలు: పది అచ్చులు, ఇరవై ఒక్క హల్లులు, సొంతంగా పలకని గుర్తులు రెండు. అక్షరాలు నేర్చుకోవడానికి పెద్ద కష్టం లేదు. కష్టమంతా ఊనిక దగ్గర. మనకు రాసింది రాసినట్టు పలకడం అలవాటు. రష్యన్‌లో మాటలో ఏదో ఒక అచ్చు మీదే బలం పడుతుంది, అది ఎక్కడో మామూలు పుస్తకాల్లో గుర్తుపెట్టరు. బలం పడని ఒ కాస్తా అ అయిపోతుంది. పాలను మొలొకో అని రాసి మలకో అంటారు. ఒక్కో మాటనూ చెవితో నేర్చుకుంటే తప్ప నోట్లోకి రాదు. ఇంట్లో కూర్చుని పుస్తకం పెట్టుకుని ఎంత చదివినా నేను ఎదగని చోటు ఇదే. అక్కడికి వెళ్లాలని పట్టుబట్టడానికి ఇదొక పెద్ద కారణం.

మేడం లెక్క కూడా చెప్పారు. విదేశీయులకు పెట్టే రష్యన్ పరీక్షలో మొదటి మెట్టుకు 780 మాటలు వస్తే చాలు, రెండో మెట్టుకు 1300, యూనివర్సిటీలో చేరడానికి కావాల్సిన స్థాయికి 2300. "పోద్‌ఫాక్‌లో ఏడాదిలోపు అక్కడికి తీసుకుపోతారు. మొదటి రెండు నెలలు తలనొప్పి వస్తుంది. తర్వాత ఒకరోజు బస్సులో వెనక సీటువాళ్ల మాటలు ఉన్నట్టుండి అర్థమవుతాయి" అన్నారు. ఆ బస్సు కోసం ఇప్పటి నుంచే ఎదురుచూస్తున్నాను.

మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక బాపు పుస్తకాల అల్మారా తెరిచాను. కింది రెండు వరుసలు సోవియట్ పుస్తకాలే. బాపు తెలుగు పంతులుగా కొత్తగా చేరిన రోజుల్లో బెల్లంపల్లికి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ వచ్చేదట. జీతంలో మిగిలిన డబ్బుతో కొన్నవి ఇవన్నీ. గట్టి అట్ట, మందపాటి కాగితం, రంగుల బొమ్మలు, ధర మాత్రం అతి తక్కువ. నేను చదువు నేర్చుకున్నది వీటిలోనే. మంచు, బిర్చి చెట్లు, టీకి నీళ్లు కాచే సమొవార్ వీటన్నిటినీ ఓరుగల్లు ఎండల్లో కూర్చుని తెలుగులో చూశాను.

ఈ పుస్తకాల చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రష్యన్ వరసలు కొన్ని ఉంటాయి. చిన్నప్పుడు అవి నాకు గీతలు. అక్షరాలు వచ్చిన వారంలోనే అల్మారాలోంచి ఒక పుస్తకం తీసి ఆ పేజీ పట్టుకున్నాను. అనువాదకుడి పేరు, సంపాదకుల పేర్లు, ధర రూబుళ్లలో, కోపెక్కుల్లో. అన్నిటికంటే పైన ఒక లైను: నా యాజికే తెలుగు. తెలుగు భాషలో అని. రష్యన్‌లో నేను నా అంతట నేను చదివిన మొదటి వాక్యం మన భాష పేరుతోనే ఉంది. బాపును లేపి చూపించాను. ఆయన అన్ని పుస్తకాల చివరి పేజీలూ ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, తర్వాత రాదుగ, మన భాష కోసం ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకున్నాయి. తెలుగువాళ్లు అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి ఉండి అనువదించారు. అక్షరాలు అక్కడే కూర్చి, అక్కడే అచ్చువేసి ఓడల్లో ఇక్కడికి పంపేవారు. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటే ఆ పనీ ఆగిపోయింది. ఆ తర్వాత తెలుగులోకి వచ్చిన రష్యన్ రచనల్లో చాలామటుకు ఇంగ్లిష్ దారినే వచ్చాయి. వాటి విలువ తగ్గించడం లేదు, కష్టపడి చేసినవి అవి. కానీ మధ్యలో ఇంకొకరు చెప్పగా విన్న మాటకూ, ఎదురుగా కూర్చుని విన్న మాటకూ తేడా ఉంటుంది. భాష చదివి ఏం చేస్తావని అడిగిన వాళ్లందరికీ నా జవాబు ఇదే. ఈ ముప్పై ఏళ్లలో రష్యన్‌లో ఎందరో రాశారు. వాళ్లను నేరుగా తెలుగులోకి తేగలిగేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. ఆ వరసలో చేరాలని నా కోరిక.

ఆదివారం, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో

కాజీపేటలో బండెక్కాం. ఢిల్లీ దాకా బాపు వస్తున్నాడు. అమ్మ, అవ్వ ప్లాట్‌ఫాం మీదే ఆగారు. అవ్వ నుదుటికి బొట్టు పెట్టింది. బండి నిలిచేది కొద్దిసేపే, సూట్‌కేసు ఎక్కించే హడావుడిలో ఏడ్చే తీరిక కూడా దొరకలేదు.

1929లో కాజీపేట, బల్లార్షా మధ్య పట్టాలు కలిశాకే మద్రాసు నుంచి ఢిల్లీకి నేరుగా దారి పడింది. ఈ లైనులో జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, ఒక్కో స్టేషన్ దాటుతుంటే నాకు తెలిసిన నేల వెనక్కి పోతోంది. పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు చాలాసేపు కనిపించాయి. గోదావరి వంతెన మీదికి రాగానే బోగీలో సగం మంది కిటికీల దగ్గరికి చేరారు. బాపు జేబులో రూపాయి బిళ్లలు తీసి ఒకటి నాకిచ్చి, ఒకటి తాను వేశాడు. నీళ్లు నిండుగా ఉన్నాయి.

మంచిర్యాల దాటాక బొగ్గు వ్యాగన్ల వరసలు. బెల్లంపల్లి రాగానే బాపు లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. ఆయన మొదట పనిచేసిన బడి అక్కడే. సింగరేణి కాలనీలో సోవియట్ పత్రికలు వచ్చేవనీ, చదవడం అయ్యాక నున్నటి ఆ పేజీలతో పిల్లలు నోటుబుక్కులకు అట్టలు వేసుకునేవాళ్లనీ చెప్పాడు.

సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి మహారాష్ట్రలోకి వచ్చాక బాపు, "నాకు కూడా జర నేర్పు, ఢిల్లీ దాకా టైం ఉంది" అన్నాడు. నోటుబుక్కు తీశాను. విభక్తులు ఆరు అనగానే ఆయన ముఖం వెలిగింది. ముప్పై ఏళ్లు బడిలో విభక్తులు వల్లె వేయించిన మనిషి. "చేతన్, చేన్, తోడన్, తోన్" అని మొదలుపెట్టి, "మీ దాంట్ల తృతీయ ఉందా?" అన్నాడు. ఉంది, కలంతో రాశాను అన్నా, స్నేహితుడితో వెళ్లాను అన్నా అదే విభక్తి, రెండోదానికి ముందు ఒక చిన్న మాట చేరుతుంది. "మరి కిన్, కున్?" అన్నాడు. మన వ్యాకరణం కు, యొక్క రెంటినీ షష్ఠిలోనే కలిపింది కదా, రష్యన్‌లో అవి రెండు వేరు విభక్తులు. ఆయన కాసేపు ఆలోచించి, "అదే సరైన పద్ధతి గావచ్చు" అన్నాడు. ఒక తెలుగు పండితుడి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

అప్పుడు అసలు సంగతి చూపించాను. చలేస్తే ఇంగ్లిష్‌లో నేను చల్లగా ఉన్నానన్నట్టు చెప్పాలి. రష్యన్‌లో మ్న్యే ఖోలద్‌న అంటారు, నాకు చలి. వయసు చెప్పాలన్నా నాకు ఇన్నేళ్లు అనే. ఏదైనా ఉందని చెప్పడానికి నా దగ్గర ఉంది అంటారు. ఇది పుస్తకం అనడానికి ఉంది, అయింది లాంటి క్రియ ఏదీ అక్కర్లేదు, ఎతో క్నీగ, రెండే మాటలు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నేను ఇన్నాళ్లూ రష్యన్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటూ కష్టపడ్డాను. తెలుగు వాక్యం నుంచి నేరుగా వెళ్తే ఇలాంటి చోట్ల దారి చాలా దగ్గర. తెలుగు పిల్లల కోసం రష్యన్ వాచకం తెలుగులోనే ఎవరైనా రాస్తే ఎంత బాగుండును. బాపు ఆ మాట నోటుబుక్కులో రాసి కింద గీత కొట్టాడు.

వెళ్లడం అనే క్రియల దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. నడిచి వెళ్తే ఒక క్రియ, బండి మీదైతే ఇంకొకటి. ఒకవైపే పోతుంటే ఒక రూపం, పోయి వస్తుంటేనో రోజూ తిరుగుతుంటేనో మరో రూపం. పని పూర్తయిందా, సాగుతోందా అన్నదాన్ని బట్టి మళ్లీ వేరు. ఢిల్లీకి వెళ్తున్నాం, కాజీపేటకు వెళ్లి వచ్చాం, రోజూ బడికి నడిచిపోయేవాణ్ణి, ఇలా బాపు వాక్యాలు ఇస్తుంటే నేను రష్యన్ చేస్తూ పోయాను. నాగపూర్ వచ్చేసరికి చుట్టుపక్కల బెర్తుల వాళ్లు కూడా వినడం మొదలుపెట్టారు. రాత్రి సర్వపిండి అందరికీ పంచాం.

సోమవారం, ఢిల్లీ

పొద్దున దిగాం. తెలంగాణ భవన్‌లో గది దొరికింది. అన్నం, పప్పు తిన్నాక ప్రాణం లేచొచ్చింది. సాయంత్రం ఫిరోజ్‌షా రోడ్డులోని రష్యన్ హౌస్ చూసి వచ్చాం. గేటు మీది అక్షరాలు బాపు కూడబలుక్కుని చదివాడు.

రాత్రి సీనియర్ అక్క ఫోన్ చేసి మళ్లీ అన్నీ అప్పజెప్పించుకుంది. మాస్కోలో దిగే షెరెమెత్యెవో విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూసేచోట ఇచ్చే మైగ్రేషన్ కార్డు చిన్న కాగితమే కానీ పోతే నానా తిప్పలు. ఏడు పనిదినాల్లోపు హాస్టల్ చిరునామా మీద రిజిస్ట్రేషన్. తర్వాత గడువులోపు వేలిముద్రలు, వైద్య పరీక్ష. ఇప్పుడున్న వీసా తొంభై రోజులదే, దాన్ని యూనివర్సిటీ పొడిగిస్తుంది. డ్రోన్ల వల్ల మాస్కో విమానాశ్రయాలు అప్పుడప్పుడు కొన్ని గంటలు మూతపడతాయి, టెన్షన్ పడకుండా కూర్చోవాలి. దిగాక లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్‌కు వెళ్లి లాస్తొచ్క బండి ఎక్కితే రెండు గంటల లోపే త్వేర్. స్టేషన్‌కు తను వస్తానంది. ఆ ఒక్క మాటతో బాపు ఊపిరి పీల్చుకున్నాడు.

మంగళవారం, ఢిల్లీ విమానాశ్రయం

టికెట్టు లేనివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి బాపు గేటు దగ్గరే ఆగాడు. "రాస్తుండు" అన్నాడు, ఫోన్ చేస్తుండు అనలేదు. కాళ్లకు మొక్కి లోపలికి వచ్చాను. ఇమిగ్రేషన్‌లో అధికారి ఏం చదవడానికి అని అడిగాడు. రష్యన్ భాష అంటే తలెత్తి చూసి, ముద్ర వేసి, మంచిది అన్నాడు.

బోర్డింగ్ గేటు దగ్గర సగం మంది మనవాళ్లే. కొత్తగా మెడిసిన్‌లో చేరబోతున్న పిల్లలు, జగిత్యాల, మంథని, కరీంనగర్. అమ్మానాన్నలను వదిలి మొదటిసారి బయటికి వస్తున్నవాళ్లు, కళ్లు ఉబ్బి ఉన్నాయి. నా చేతిలో రష్యన్ నోటుబుక్కు చూసి ఒకబ్బాయి పక్కకు వచ్చి కూర్చున్నాడు. పాస్‌పోర్టు తెరిచి వీసా మీద ఒక గడి చూపించి, "అక్కా, ఇక్కడ ఏం రాసుంది?" అన్నాడు.

"ఉచ్యోబ. చదువు అని. నువ్వు పోతున్న పని."

మళ్లీ ఒకసారి చెప్పించుకుని తనూ అన్నాడు. తర్వాత పక్కనున్న అమ్మాయి తన పేరు చదవమంది, హతో మొదలయ్యే పేరు, ఖ అయింది. ఒక్కొక్కరే పాస్‌పోర్టులు తీశారు. నోటుబుక్కులోంచి కాగితం చించి 33 అక్షరాలూ రాసి, ఒక్కోదాని పక్కన తెలుగులో ఎలా పలకాలో రాసిచ్చాను. అందరూ ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. ప్రయాణం ఆరు గంటల పైమాటే, మాస్కో గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ టైంలో అచ్చులు పదీ నోటికి వచ్చేయాలని, షెరెమెత్యెవోలో దిగాక బోర్డులన్నీ వాళ్లే చదవాలని పందెం వేసుకున్నారు. అచ్చుల్లో నాలుక వెనక్కి లాగి పలకాల్సిన ఇ ఒకటి ఎవరికీ కుదరడం లేదు, నాకే ఇంకా సరిగా పట్టుబడలేదు. దాన్నే అందరం అనుకుంటూ ఉండగా వరసలో నిలబడమని పిలిచారు.